గాంధీనగర్‌లో మళ్లీ బొమ్మ పడింది: ఒక పాత సినిమా హాలులో రెండు ఆటలు

ఈ సమీక్ష సినిమా గురించి కాదు, సినిమా హాలు గురించి. విజయవాడ గాంధీనగర్‌లో దాదాపు ఎనిమిది వందల సీట్లున్న ఒక పాత సింగిల్ స్క్రీన్ హాలు కరోనా వల్ల 2020 మార్చి మూడో వారంలో మూతపడి, తొమ్మిది నెలల తర్వాత డిసెంబరు 25న తిరిగి తెరుచుకుంది. అప్పటినుంచి అందులో నేను రెండు ఆటలు చూశాను. మొదటిది డిసెంబరు 27 ఆదివారం నా భార్యతో కలిసి చూసిన మ్యాట్నీ. రెండోది 2021 జనవరి 15, కనుమ నాడు, మేనల్లుళ్లిద్దరితో చూసిన ఫస్ట్ షో. రెండూ సగం సీట్లకే టికెట్లు అమ్మాలన్న నిబంధన అమల్లో ఉన్న రోజులే. హాలు పేరు మాత్రం రాయడం లేదు. మెచ్చుకోలు వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు గాని, క్యాంటీను గురించి కింద రాయబోయే మాటలు తొమ్మిది నెలలపాటు సరైన జీతం చూడని సిబ్బంది నెత్తిన పడతాయన్న సంకోచం ఉంది. గాంధీనగర్‌లో ఇలాంటి హాళ్లు ఒకటికి నాలుగు ఉన్నాయి కనుక పోల్చుకోవడమూ అంత సులువు కాదు.

నిజానికి ఈ హాలు డిసెంబరు దాకా ఆగవలసిన అవసరం కాగితాల మీద లేదు. కేంద్ర హోంశాఖ సెప్టెంబరు 30న ఇచ్చిన సడలింపుల ప్రకారం అక్టోబరు 15 నుంచే కంటైన్‌మెంటు జోన్లకు బయట ఉన్న హాళ్లను సగం సీట్లతో నడుపుకోవచ్చు. ఎలా నడపాలో చెబుతూ సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ అక్టోబరు 6న మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అయినా మన రాష్ట్రంలో చాలామంది యజమానులు తాళాలు తీయలేదు. ఆట పడినా పడకపోయినా కట్టవలసిన కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలు నెలనెలా పేరుకున్నాయి. పైగా తెరిస్తే వేయడానికి కొత్త సినిమా లేదు. నాని నటించిన 'వి' వంటి సినిమాలు అప్పటికే నేరుగా ఓటీటీకి వెళ్లిపోయాయి. డిసెంబరు 18న రాష్ట్ర మంత్రివర్గం ఏప్రిల్, మే, జూన్ నెలల ఫిక్స్‌డ్ ఛార్జీలను రద్దు చేసి, హాళ్లకు ఇచ్చే రుణాల మీద వడ్డీ రాయితీ ప్రకటించిన వారం రోజులకు, సాయిధరమ్ తేజ్ నటించిన 'సోలో బ్రతుకే సో బెటర్' విడుదలైంది. లాక్‌డౌను తర్వాత తెలుగులో నేరుగా హాళ్లకు వచ్చిన మొదటి పెద్ద సినిమా అదే కావడంతో, గాంధీనగర్‌లో గోడలకు కొత్త పోస్టర్లు పడ్డాయి. మార్చి నాటి పోస్టర్లు ఎండకు వెలిసి, వానకు నాని, అట్టలు కట్టి వేలాడుతుంటే వాటి మీదనే ఇవి అంటించారు. ఒక మూల కొత్త కథానాయకుడి భుజం మీదుగా పాత సినిమా విడుదల తేదీ ఇంకా కనిపిస్తూనే ఉంది.

విజయవాడకు సినిమా హాలు తెరుచుకోవడమంటే ఏమిటో బయటి ఊళ్లవారికి ఒక్క మాటలో చెప్పడం కష్టం. పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతీ హాలును కట్టించింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆంధ్ర ప్రాంతానికంతటికీ రీళ్ల పెట్టెలు గాంధీనగర్‌లోని పంపిణీదారుల ఆఫీసుల నుంచే బస్సులెక్కి, రైళ్లెక్కి వెళ్లాయి. ఇప్పుడు పెట్టెలు లేవు. సినిమా డిజిటల్ ఫైలుగా వస్తుంది, దాన్ని తెరిచే తాళం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేస్తుంది. పేట మాత్రం అదే. ఆ పేటలో తొమ్మిది నెలల పాటు సాయంత్రం ఆరు గంటలకు రోడ్డు మీద ఎవరూ లేకపోవడాన్ని చూసినవాళ్లం కనుక, డిసెంబరు 27 మధ్యాహ్నం భవానీపురం నుంచి అక్టోబరులో కొత్తగా తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవరు మీదుగా వచ్చి ఆ వీధిలోకి మలుపు తిరగ్గానే, హాలు ముందు నిలబడ్డ స్కూటర్ల వరుస చూసి నా భార్య "మళ్లీ జాతరే" అన్నది. జాతర అనడం కొంచెం ఎక్కువే. ఓ నూట యాభై బండ్లుంటాయి.

బండి స్టాండులో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు: అదే అట్టముక్క టోకెను, అదే సుద్దముక్క అంకె. టికెట్ల కిటికీ దగ్గరే మార్పు మొదలైంది. ఇనుప చువ్వల వెనక ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పలక బిగించి, కింద చేయి పట్టేంత సందు వదిలారు. పలక వచ్చాక లోపలి మనిషి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు. దాంతో ప్రతి ఒక్కరూ మాస్కు దించి, సందు దగ్గరకు వంగి, "బాల్కనీ రెండు" అని అరవవలసి వచ్చింది. రక్షణ కోసం పెట్టిన పలక వల్ల మొహాలు మరింత దగ్గరైన ఈ వింతను అక్కడ ఎవరూ గమనించినట్టు లేదు. ఆడవాళ్ల కిటికీ వేరుగా ఉండటం పాత హాళ్లలోని సౌకర్యం. అక్కడ నలుగురే ఉన్నారు కనుక టికెట్లు నా భార్యే తీసుకున్నది. బాల్కనీ టికెట్టు 100 రూపాయలే, పెంచలేదు. అప్పట్లో వంద రూపాయల వరకు టికెట్టు మీద 12 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్టీ పడేది కనుక ఆ గీత దాటకపోవడంలో యజమాని లెక్క యజమానికి ఉంటుంది. సగం సీట్లకు రెట్టింపు ధర పెట్టకపోవడాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

అవసరమైతే కబురు చేయడానికి ప్రేక్షకుల ఫోను నంబర్లు తీసుకోవాలని ఆ మార్గదర్శకాల్లో ఉండేది. ఆదివారం నాడు కిటికీ పక్కన బల్ల వేసి, పొడుగు పుస్తకంలో గళ్లు గీసి, దారం కట్టిన పెన్నుతో రాయించారు. అందరూ ఒకే పెన్ను పట్టుకోవడం గురించి అడిగితే బల్ల దగ్గరి కుర్రవాడు శానిటైజరు సీసా నా వైపు జరిపాడు. జవాబు సబబుగానే ఉంది. గేటు దగ్గర ఒంటి వేడి చూసే తుపాకీ ఉంది. దాన్ని నుదుటికి కాక ముంజేతికి పెట్టాడు గేటు కీపరు. చలికాలం ఫ్లైఓవరు గాలికి వచ్చిన చేయి కావడంతో అది 33 డిగ్రీలు చూపింది. అంత చల్లటి మనిషిని ఆసుపత్రిలో చేర్చాలి గాని సినిమాకు పంపకూడదు. ఆయన అంకె చూడనే లేదు, "వెళ్లండి సార్" అన్నాడు.

లోపల సీట్ల ఏర్పాటుకు మాత్రం ఈ హాలుకు నిండు మార్కులు వేయవచ్చు. ఒకటి విడిచి ఒకటి చొప్పున, ముందు వరుసలో వదిలిన సీటు వెనక వరుసలో నింపేలా, చదరంగం గళ్ల మాదిరిగా సీట్లు కేటాయించారు. వదిలిన ప్రతి సీటుకూ వెనక్కి ఆనే చోట ఎర్ర టేపును గుణకారం గుర్తుగా అంటించి, రెండు చేతుల మీదుగా తెల్ల నవారు అడ్డం కట్టారు. ఎవరు కట్టారో గాని ముడులు గట్టిగా వేశారు. మా ముందు వరుసలో కొత్తగా పెళ్లయినట్టున్న జంట, మధ్య సీటు నవారు విప్పడానికి టైటిల్సు పడేదాకా ప్రయత్నించి, చివరికి విడివిడిగానే కూర్చున్నారు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుని, ఒకే స్కూటరు మీద వచ్చినవాళ్ల మధ్య కూడా ఒక కుర్చీ ఖాళీగా ఉండాలన్న నిబంధనలో తర్కం వెతకడం వృథా. అయితే దాన్ని సడలిస్తే ఎవరు ఎవరి కుటుంబమో చీకట్లో తేల్చే పని గేటు కీపరు మీద పడుతుంది కాబట్టి, హాలువారు ఎవరికీ మినహాయింపు ఇవ్వకపోవడమే మంచిదనిపించింది. రెండున్నర గంటలపాటు నా భార్యకూ నాకూ మధ్య ఆమె చేతిసంచి, నా హెల్మెట్టు కూర్చుని సినిమా చూశాయి. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: మోచేతుల కోసం పక్కవాడితో పోట్లాడకుండా నేను ఈ హాలులో సినిమా చూడటం ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి.

దీపాలు ఆరాక జరిగిన ఒక చిన్న విషయం కోసమే ఈ సమీక్ష రాయాలనిపించింది. ముందుగా కరోనా జాగ్రత్తల గురించి నిమిషం పాటు ఒక ప్రకటన వేశారు. ఆట ముందూ వెనకా అది వేయాలన్నది అప్పటి నిబంధన. నెలల తరబడి ఫోను ఎత్తితే చాలు అదే మాట, అదే దగ్గు వినివిని విసిగినవాళ్లు కావడంతో హాలంతా నిశ్శబ్దంగా దాన్ని భరించింది. తర్వాత మామూలుగా వచ్చే పొగాకు వ్యతిరేక ప్రకటన మొదలైంది. మొదటి మాట తెర మీద పలకగానే కింద సెకండ్ క్లాసులో ఒక గొంతు రెండో మాటను ముందుగానే అప్పజెప్పింది. మూడో మాటకు పది గొంతులు కలిశాయి. చివరి వాక్యానికి వచ్చేసరికి బాల్కనీతో సహా హాలు మొత్తం, మాస్కుల్లోంచే, పాఠశాలలో ఎక్కాలు చదివినట్టు దాన్ని ఒక్క గొంతుతో ముగించి, తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. తొమ్మిది నెలల తర్వాత నేను విన్న మొదటి సామూహిక ధ్వని ఒక క్యాన్సరు ప్రకటన. నా భార్య కళ్లు తుడుచుకున్నది. నవ్వువల్లనే అని తర్వాత చెప్పింది.

కథానాయకుడు తెర మీదికి రాగానే మరో సమస్య బయటపడింది. మాస్కు పెట్టుకుని ఈల వేయడం సాధ్యం కాదు. కింది క్లాసులో ఒక కుర్రవాడు మాస్కును గడ్డం కిందికి లాగి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, నిండుగా ఒక ఈల వేసి, వెంటనే మాస్కును ముక్కు పైకి సర్దుకోవడం తెర వెలుతురులో స్పష్టంగా కనిపించింది. నిబంధన మీద అతనికున్న గౌరవాన్ని ఈల తర్వాత మాస్కు సర్దుకున్న తీరులోనే చూడాలి. ఆ వేళ్లను నోట్లో పెట్టుకునే ముందు శానిటైజరు రాసుకున్నాడో లేదో అన్న ప్రశ్న నాకు వయసు మీద పడటం వల్ల వచ్చింది. కాగితం ముక్కలు ఎగరేయడం మాత్రం ఆ రోజు ఎవరూ చేయలేదు. హాలువారు వద్దన్నట్టు బోర్డేమీ లేదు. పక్క సీటు ఖాళీగా ఉంటే కాగితాలు చింపి పంచుకునేవారు ఉండరు కదా.

బొమ్మ నాణ్యత బాగుంది. తొమ్మిది నెలలు మూతపడి ఉన్న ప్రొజెక్టరు వెలుతురు మసకబారుతుందేమో అనుకున్నాను గాని, తెర నాలుగు మూలలూ ఒకే కాంతితో ఉన్నాయి. ఇంటర్వెల్లో క్యాబిన్ మెట్ల దగ్గర కనబడ్డ ఆపరేటరును అడిగితే, లాక్‌డౌను పొడుగునా వారానికొకసారి వచ్చి అరగంట సేపు మిషను నడిపేవాణ్ణనీ, లేకపోతే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, తేమ పట్టి బోర్డులు పోతాయనీ చెప్పాడు. ఎవరూ లేని హాలులో ఏ బొమ్మ వేసేవాడివని అడిగాను. మార్చిలో ఆగిపోయిన సినిమా ఫైలు తాళం గడువు ఎప్పుడో అయిపోయిందట. అందుచేత అడ్వర్టైజుమెంట్లే వేసి చూసుకునేవాడట. ఖాళీ కుర్చీలకు చీరల షోరూము, సిమెంటు బస్తా ప్రకటనలు చూపించిన మనిషి ఓపికకు మా ఇద్దరి టికెట్ల డబ్బులు చెల్లిపోయాయనుకోండి.

ధ్వని విషయంలో అంత మంచి మాట చెప్పలేను. హాలు నిండా మనుషులుంటే వాళ్ల ఒళ్లు, బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి. సగం మంది లేకపోతే ఆ ధ్వని గోడలకు తగిలి ఆలస్యంగా తిరిగి వస్తుంది. కొత్త మల్టీప్లెక్సుల్లో మెత్తటి గుడ్డ కప్పిన కుర్చీలు, గోడలకు పట్టించిన దళసరి పలకలు ఈ లోటును చాలావరకు పూడుస్తాయి. ఇక్కడ కుర్చీలు రెక్సినువి, పక్క గోడలు సగం వరకు పెయింటు వేసిన సిమెంటువి. దాంతో పాటలు బాగానే ఉన్నా, ఇద్దరు వేగంగా మాట్లాడుకునే హాస్య సన్నివేశాల్లో రెండో మనిషి మాట మొదటి మనిషి మాట ప్రతిధ్వనిలో కలిసిపోయింది. బాల్కనీ వెనక వరుసలవారికి ఈ ఇబ్బంది ఎక్కువగా ఉంటుంది. కనుమ నాడు కావాలని బాల్కనీ మొదటి వరుస అడిగి తీసుకున్నాను, తేడా తెలిసింది. సగం హాలుకు తగ్గట్టు వాల్యూమును ఒక మెట్టు తగ్గించి ఉంటే సరిపోయేది గాని, మన హాళ్లలో ఆ పని చేసిన ఆపరేటరు ఇంతవరకు పుట్టలేదు.

గాలి గురించి చాలామంది అడుగుతారు కనుక వివరంగా రాస్తాను. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి, బయటి గాలి వీలైనంత లోపలికి రానివ్వాలి అన్నది అప్పటి నిబంధన. ఈ హాలుకు ఒకప్పుడు చల్లదనమే పెట్టుబడి. మే నెల ఎండలకు బెజవాడ కాస్తా బ్లేజ్‌వాడ అయినప్పుడు, సినిమా ఏదైనా సరే మ్యాట్నీకి వచ్చి నిద్రపోయినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. మేము వెళ్లిన రోజుల్లో లోపల చలి లేదు, ఉక్క కూడా లేదు. ఆటకూ ఆటకూ మధ్య అరగంట వ్యవధి ఇచ్చి, పక్క తలుపులన్నీ బార్లా తెరిచి, పెద్ద ఎగ్జాస్టు ఫ్యాన్లు తిప్పేవారు. మేము లోపలికి వెళ్లేసరికి ఫినాయిలు వాసన, వెలుపలి వీధిలోంచి మిరపకాయ బజ్జీల వాసన కలిసి వచ్చాయి. గాలి ఆడుతోందనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. డిసెంబరులో ఈ ఏర్పాటు హాయిగానే ఉంది. మే నెలలో 28 డిగ్రీల ఏసీతో, తెరిచిన తలుపులతో మ్యాట్నీ నడపడం మాత్రం ఈ ఊళ్లో కుదిరే పని కాదు.

ఇక క్యాంటీను. ప్యాకెట్లలో వచ్చే తినుబండారాలే అమ్మాలి, సీట్ల దగ్గరకు తెచ్చి అమ్మకూడదు, ఇంటర్వెల్లో జనం గుమికూడకుండా చూడాలి అని అప్పట్లో మూడు నియమాలుండేవి. ఆదివారం నాడు మొదటి రెండూ పాటించారు. చిప్సు ప్యాకెట్లు, సీలు వేసిన నీళ్ల సీసాలు, కూల్ డ్రింకులు తప్ప ఇంకేమీ లేవు. ఈ హాలు ఉల్లిపాయ సమోసాకు గాంధీనగర్‌లో ఒక పేరుంది. అవి లేకపోవడం విధిలేని లోటు కనుక తప్పు పట్టను. తప్పు పట్టేది గుమి గురించి. ఇంటర్వెల్ పది నిమిషాలే ఇచ్చారు. వరుసల వారీగా బయటికి వచ్చేలా వ్యవధి పెంచుకోవచ్చని మార్గదర్శకాల్లో ఉన్నా పెంచలేదు. ఒకటే కౌంటరు. హాలులో అంత శ్రద్ధగా విడదీసి కూర్చోబెట్టిన నాలుగు వందల మందీ, ఆ పది నిమిషాల్లో ఎనిమిది అడుగుల కౌంటరు ముందు భుజాలు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. నవారు కట్టిన ఓపిక అంతా అక్కడ నీరుగారిపోయింది. కనుమ నాడైతే సమోసాలే వచ్చేశాయి. న్యూస్‌పేపరు ముక్కలో నాలుగేసి చొప్పున, పల్చటి పొర కరకరలాడుతూ, లోపల ఉల్లిపాయ ఇంకా తడి ఆరకుండా, సరిగ్గా మార్చిలో వదిలేసిన రుచితో ఉన్నాయి. సమీక్షకుడిగా అభ్యంతరం నమోదు చేస్తున్నాను. మనిషిగా ఎనిమిది తిన్నాను. నా మేనల్లుళ్లు దీనికి సాక్షులు. మూడో పొట్లానికి డబ్బు ఇచ్చినప్పుడు చిల్లర ఇరవై రూపాయలు తక్కువ వచ్చింది. అడిగితే "రద్దీలో చూడలేదు బాబాయ్" అని ఇచ్చాడు, కాని అడగవలసి వచ్చింది.

మరుగుదొడ్లలో నీళ్లు వచ్చాయి, సబ్బు నీళ్ల సీసా ఉంది. గొలుసు కట్టి ఉంది. అంతకంటే రాయడానికేమీ లేదు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు గాంధీనగర్‌లో కదలనిది కాకి ఒక్కటే. సంక్రాంతికి వరసగా నాలుగు కొత్త సినిమాలు రావడంతో ప్రతి హాలు ముందూ జనమే. ఫస్ట్ షోకు గంట ముందే మా హాలు గేటుకు హౌస్‌ఫుల్ బోర్డు తగిలించారు. సగం సీట్లు ఖాళీగా ఉండగా హౌస్‌ఫుల్ బోర్డు చూడటం ఆ సంవత్సరపు ప్రత్యేకత. నా పెద్ద మేనల్లుడు ఆ బోర్డు దగ్గర నిలబడి ఫోటో తీయించుకున్నాడు. కాని రద్దీ పెరిగేకొద్దీ శ్రద్ధ తగ్గింది. ఫోను నంబర్ల పుస్తకం బల్ల మీద లేదు. వేడి చూసే తుపాకీ గేటు కీపరు చొక్కా జేబులోంచి బయటికి తొంగి చూస్తున్నది. కింది క్లాసులో చాలా నవార్లు విప్పేసి ఉన్నాయి. సినిమా మొదలైన పావుగంటకు నలుగురైదుగురు స్నేహితులు ఒకచోట చేరిపోయారు, టార్చిలైటు వేసి లేపడానికి ఎవరూ రాలేదు. బాల్కనీలో మాత్రం కట్టుదిట్టం చెడలేదు. టికెట్టు ధరను బట్టి జాగ్రత్త మారడం పాత అలవాటే అయినా, ఈ విషయంలో అది ఉండకూడదు. యాభై రూపాయల ఊపిరితిత్తులు, వంద రూపాయల ఊపిరితిత్తులు అని వేరుగా ఉండవు. ఆ మర్నాడే, జనవరి 16న, మన ప్రభుత్వాసుపత్రిలో ఆరోగ్య సిబ్బందికి టీకాలు మొదలయ్యాయి. అవి మొదలు కాబోతున్నాయన్న వార్త కనుమ నాటికే అందరి ఫోన్లలో ఉండటంతో, జబ్బు తమను దాటి వెళ్లిపోయినట్టే జనం కూర్చున్నారు.

అయినా ఆ సాయంత్రం హాలు హాలులా ఉందన్నది దాచలేను. ఆదివారం మ్యాట్నీలో నవ్వు విడివిడిగా వినిపించింది: ఇక్కడొకటి, అక్కడొకటి, మధ్యలో ఖాళీ. హాస్యనటుడు మాట విసిరాక ఆ నవ్వులు ఒకదాన్నొకటి అందుకోవడానికి క్షణం పట్టేది. ఆ క్షణంలో తర్వాతి మాట దాటిపోయేది. కనుమ నాడు ఆ క్షణం లేదు. అదే నాలుగు వందల మంది, అవే రెక్సిను కుర్చీలు. కాని వాళ్లు దగ్గర దగ్గరగా జరిగి కూర్చున్నారు, కాగితాలూ ఎగిరాయి. నేను నిబంధనల పక్షాన రాస్తున్న ఈ సమీక్షకు ఇది ఇబ్బంది కలిగించే సాక్ష్యమే. తొమ్మిది నెలలు మా ఇంట్లో టీవీ ముందు, తలుపు కొట్టిన పాలవాడి కోసమొకసారి, కుక్కరు కూత కోసమొకసారి ఆపుకుంటూ ఓటీటీలో చూసిన పది పన్నెండు సినిమాల్లో ఒక్కదానిలోనూ నాకు ఏ నవ్వు ఎక్కడ వచ్చిందో గుర్తు లేదు. ఇక్కడ గుర్తుంది.

వెళ్లేటప్పుడు గేటు కీపరుతో రెండు మాటలు మాట్లాడాను. ఇరవై ఏళ్లుగా అదే గేటు దగ్గర ఉన్న మనిషి. మే నుంచి నవంబరు దాకా తోపుడు బండి మీద కూరగాయలు అమ్మాడట. హాలు తెరిచాక కూడా పొద్దున పది వరకు అమ్మి, మార్నింగ్ షో వేళకు ఇక్కడికి వచ్చేవాడు. లోపల పనిచేసేవాళ్లు మునుపటికి సగమే ఉన్నారన్నాడు. సీట్లు సగమే గాని ఊడ్చే హాలు సగం కాదు, కాల్చే కరెంటు సగం కాదు అని ఆయనే అన్నాడు. కింది క్లాసులో టార్చి పట్టుకుని తిరిగే మనిషి ఎందుకు లేడో నాకు అప్పుడు అర్థమైంది. సగం టికెట్ల రాబడితో నిండు నియమాలు పాటించమనడంలో ఉన్న చిక్కు ఇది. పుస్తకం ముందు ఒకరు, తుపాకీతో ఒకరు, నవార్లకు కాపలాగా ఇద్దరు కావాలంటే, ఆ నలుగురి జీతం ఏ టికెట్టులోంచి రావాలో మార్గదర్శకాల్లో లేదు.

మార్కులు అడిగితే, సీట్లకూ గాలికీ బొమ్మకూ మంచి మార్కులు, ధ్వనికి సరిపెట్టుకునే మార్కులు, ఇంటర్వెల్ నిర్వహణకు తప్పిన మార్కులు వేస్తాను. మొత్తం మీద ఐదుకు మూడున్నర. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు పండగ రోజులు, శుక్రవారాలు వదిలి వారం మధ్యలో మ్యాట్నీకి వెళ్లడం మంచిది. బాల్కనీ మొదటి రెండు వరుసలు అడగండి. ఇంటర్వెల్లో ఐదు నిమిషాలు సీట్లోనే కూర్చుని, గుంపు లోపలికి తిరిగి వస్తున్నప్పుడు బయటికి వెళితే కౌంటరు దగ్గర ఎవరూ ఉండరు. సమోసాలు కూడా ఉండవనుకోండి.

2021 ఫిబ్రవరి 1 నుంచి హాళ్లను పూర్తి సీట్లతో నడుపుకోవచ్చని కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ నెలలోనే ఒక రోజు ఆ వీధిలో పనిపడి వెళ్లినప్పుడు హాలు పక్క తలుపు తెరిచి ఉంటే తొంగి చూశాను. నవార్లన్నీ విప్పి గోడ పక్కన కుప్ప పోశారు. ఇద్దరు ఆడవాళ్లు కిరసనాయిలు గుడ్డతో సీట్ల మీది టేపు జిగురు తుడుస్తూ కనిపించారు; ఎంత తుడిచినా రెక్సిను మీద గుణకారం గుర్తు తెల్లగా మిగిలే ఉంది. మరో రెండు మూడు వారాల పాటు అక్కడికి వెళ్లేవారు తెల్ల చొక్కా వేసుకోకపోవడం మంచిదనీ, కూర్చునే ముందు ఒకసారి చేత్తో తడిమి చూసుకోవాలనీ అనిపించింది.